రెండుసార్లు 214(బి) వచ్చింది, బ్యాంకు బ్యాలెన్స్ పెంచితే మూడోసారి వీసా వస్తుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీ అమ్మాయికి అమెరికాలో ఒక యూనివర్సిటీలో డేటా అనలిటిక్స్ ఎంఎస్ సీటు వచ్చింది. మూడు వారాల తేడాలో రెండుసార్లు ఎఫ్-1 (విద్యార్థి) వీసా ఇంటర్వ్యూకి వెళ్లింది. రెండుసార్లూ వీసా ఇవ్వకుండా, 214(బి) అని రాసి ఉన్న కాగితం చేతిలో పెట్టి పంపేశారు. కన్సల్టెంటేమో బ్యాలెన్స్ ఇంకాస్త పెంచి, ‘ఆన్సర్లు మార్చుకుని’ వెంటనే మూడోసారి వెళ్లమంటున్నాడు. ఎంత బ్యాలెన్స్ చూపించాలి, ఇంకా ఏ కాగితాలు జతచేయాలి అని అడిగారు.

ముందు నేనెవరో చెప్తాను. ఒక అమెరికన్ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసులో పదకొండేళ్లు పనిచేశాను. ఐ-20 (సీటు ఇచ్చినట్టు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద సంతకం పెట్టే సీట్లో కూర్చున్నాను. వీసా ఇచ్చేది మేం కాదు, ఇవ్వమని కాన్సులేట్‌కి చెప్పే హక్కు కూడా మాకు లేదు. కానీ వీసా రాని పిల్లలు ముందు మెయిల్ రాసేది మాకే. వాళ్ల డీఎస్-160 (వీసా అప్లికేషన్) ఫారాలు, ఐ-20లు పక్కపక్కన పెట్టుకుని ఎక్కడ తేడా కొట్టిందో వెతకడం నాకు అలవాటైన పని.

సూటిగా చెప్పాలంటే, మీ సమస్య బ్యాలెన్స్ కాదని నా అనుమానం. ఎందుకంటే మీరు రాసిన దాంట్లో బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఆస్తుల విలువ కట్టించిన రిపోర్టు అన్నీ వరసగా ఉన్నాయి. అమ్మాయిని ఇంటర్వ్యూ కిటికీ దగ్గర ఏం అడిగారు, తను ఏం చెప్పింది అన్నది ఒక్క ముక్క లేదు. ముందు అది కనుక్కోండి. రెండు ఇంటర్వ్యూల్లో అడిగిన ప్రతి ప్రశ్న, చెప్పిన ప్రతి జవాబు, గుర్తున్నంత వరకు అమ్మాయి చేతే కాగితం మీద రాయించండి. ఎప్పుడో కాదు, ఇవాళే. వారం పోతే చెప్పింది మరిచిపోయి, చెప్పాలనుకున్నది గుర్తుంటుంది.

214(బి) అంటే ఏదో తప్పు చేశారని వేసిన ముద్ర అనుకుని కంగారుపడేవాళ్లు చాలామంది. అది 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలో ఒక క్లాజు. విద్యార్థి వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నట్టే ముందు అనుకోవాలి, కాదని ఒప్పించుకోవాల్సిన బాధ్యత అడిగినవాళ్లదే అని దాని సారాంశం. అంటే ఆఫీసరు మీలో తప్పు పట్టుకోనక్కర్లేదు, నమ్మకం కుదరకపోతే చాలు. ఆ కాగితం అందరికీ ఒకేలా ఉండేదీ, అందులో అసలు కారణం దొరకనిదీ అందుకే. దాని మీద అప్పీలు లేదు. అలాగని బ్యాన్ కూడా లేదు, మళ్లీ ఎప్పుడైనా అప్లై చేసుకోవచ్చు. (చేతికిచ్చింది 221(జి) కాగితమైతే కథ వేరు. ఇంకేదో కాగితం కావాలనో, పరిశీలన మిగిలి ఉందనో అర్థం. దానికి అడిగింది ఇచ్చి ఆగాలి, కొత్తగా అప్లై చేయకూడదు.)

మళ్లీ చేసుకోవచ్చు కదా అని చాలామంది మర్నాడే స్లాట్ వెతుకుతారు. అదే ఫారం, అవే జవాబులు, ఇంకో 185 డాలర్లు. కిటికీ అవతల కొత్త మనిషే ఉండొచ్చు గానీ, పాత ఇంటర్వ్యూ నోట్స్ ఆ మనిషి స్క్రీన్ మీద ఉంటాయి. ‘పోయినసారికి, ఇప్పటికి ఏం మారింది?’ అనేది చాలాసార్లు వచ్చే మొదటి ప్రశ్న. మీ అమ్మాయి రెండో ఇంటర్వ్యూలో దీనికేం చెప్పిందో తప్పకుండా అడగండి. ‘నాన్న ఇంకొంత డబ్బు చూపించారు’ అని చెప్పి ఉంటే ఆ ఇంటర్వ్యూ అక్కడే అయిపోయి ఉంటుంది.

ఇంటర్వ్యూ అంటాం గానీ రెండు మూడు నిమిషాల వ్యవహారం అది. ఆ కాసేపట్లో ఆఫీసరు ఎదురుగా ఉండేది మీరు సర్దిన ఫైలు కాదు, డీఎస్-160. అమ్మాయి కిటికీ దగ్గరికి వచ్చేసరికే దాన్ని ఒకసారి తిరగేసి ఉంటారు. తను చెప్పేది ఆ ఫారంతో కలుస్తోందా లేదా అన్నదే ఎక్కువగా చూస్తారు. కాబట్టి ఆ ఫారం ఎవరు నింపారన్నది పెద్ద విషయం. మీ విషయంలో కన్సల్టెంటు ఆఫీసులో ఎవరో నింపారని మీరే రాశారు.

నేను చూసిన ఒక కేసు చెప్తాను. ఒకమ్మాయి, ఇలాగే రెండు రిజెక్షన్లు. ఫోన్లో అడిగాను, ‘నీ చదువుకి డబ్బు ఎవరు పెడుతున్నారమ్మా?’ అని. ‘మా నాన్న’ అంది టక్కున. ఫారంలో చూస్తే ఖర్చు భరించేది ‘వేరే వ్యక్తి’ అని, బంధుత్వం దగ్గర ‘బంధువు’ అని ఉంది. విషయమేంటంటే, సగం డబ్బు వాళ్ల బాబాయి అకౌంట్లో ఉంది, ఫారం నింపిన కుర్రాడు ఆయన పేరు పెట్టేశాడు. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, బాబాయి డబ్బు కూడా నిజమే. కానీ గాజుకి అవతల కూర్చున్న మనిషికి వినిపించిందొకటి, కనిపించిందొకటి. చదువు తర్వాత పద్నాలుగు నెలలు ఏం చేశావని అడిగితే ‘ప్రిపరేషన్’ అంది. నిజానికి ఆ పద్నాలుగు నెలల్లో తొమ్మిది నెలలు ఒక ట్యూషన్ సెంటర్లో లెక్కలు చెప్పింది. అది ఫారంలో లేదు. అదేం ఉద్యోగం, రాయొద్దన్నారట.

అందుకే మూడోసారికి ఫారం అమ్మాయి స్వయంగా నింపాలి. పక్కన మీరు కూడా కూర్చోకండి. ఇరవై నిమిషాలు కదలకుండా వదిలేస్తే ఆ సైటు బయటికి నెట్టేస్తుంది కాబట్టి అప్లికేషన్ నంబరు రాసుకుని, పేజీ పేజీకి సేవ్ చేసుకోమనండి. రెండు మూడు సాయంత్రాలు పడితే పట్టనివ్వండి. కొన్ని ప్రశ్నల దగ్గర మాత్రం అసలు తడబడకూడదు. ఇంతకుముందు అమెరికా వీసా నిరాకరించారా అంటే అవును, రెండుసార్లు, ఫలానా తేదీల్లో. ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా అంటే, చేస్తే అవును. అమెరికాలో దగ్గరి బంధువులున్నారా అంటే, ఉంటే ఉన్నారు. అన్నో అక్కో అక్కడుంటే వీసా రాదన్న భయంతో దాచేవాళ్లని చూశాను. అన్న ఉండటం వల్ల ఒక ప్రశ్న ఎక్కువ అడుగుతారేమో, అంతే. దాచినట్టు బయటపడితే అది 214(బి)తో పోదు. తెలిసి అబద్ధం చెప్పారని అదే చట్టంలో 212 సెక్షన్ కింద వేస్తే అమెరికా తలుపు జీవితాంతం మూసుకుపోయినట్టే. ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప తెరుచుకోదు. ‘ఆన్సర్లు మార్చడం’ అని మీ కన్సల్టెంటు అంటున్నది ఈ బాపతుదైతే వెంటనే ఆయనకి దణ్ణం పెట్టి బయటికి వచ్చేయండి. లేని ఉద్యోగానికి ఎక్స్‌పీరియెన్స్ లెటర్ తెచ్చిస్తాననే వాళ్లదీ ఇదే దారి. ఫీజు తీసుకునేది వాళ్లు, ముద్ర పడేది అమ్మాయి పాస్‌పోర్టు మీద.

సోషల్ మీడియా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఫారంలో గత ఐదేళ్లలో వాడిన అకౌంట్ల పేర్లన్నీ అడుగుతారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్లు ఆ అకౌంట్లను అందరికీ కనిపించేలా పబ్లిక్‌లో పెట్టాలని కూడా చెప్తున్నారు. వాడి వదిలేసినవి కూడా గుర్తు తెచ్చుకుని రాయమనండి. ముందురోజు రాత్రి కూర్చుని అకౌంట్లు డిలీట్ చేసే పని పెట్టుకోవద్దు, దానివల్ల కొత్త అనుమానాలే పుడతాయి.

ఇక డబ్బు. అసలు ఎంత చూపించాలన్న ప్రశ్నకి జవాబు మీ ఇంట్లోనే ఉంది, ఐ-20 మొదటి పేజీలో. కింది భాగంలో ఎడమవైపు ఒక విద్యా సంవత్సరానికి అయ్యే ఫీజు, జీవన ఖర్చులు, ఇతర ఖర్చులు. కుడివైపు ఆ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో. మీ సొంత డబ్బెంత, యూనివర్సిటీ ఇచ్చేదెంత, మరోచోటి నుంచి వచ్చేదెంత అని. ఎడమ మొత్తానికి కుడి మొత్తం సరిపోయినట్టు చూసుకునే మాలాంటివాళ్లు ఐ-20 ఇస్తారు. ఆ అంకె ఎడమవైపు 42,000 డాలర్లనుకుందాం. మీ అకౌంట్లో 42,000 ఉన్నా 60,000 ఉన్నా ఆఫీసరుకి పెద్ద తేడా లేదు. తేడా వచ్చేదెక్కడంటే, ఆ డబ్బు నిన్నటిదాకా లేకుండా పది రోజుల కింద ఒక్కసారిగా వచ్చి పడితే. మొదటిసారి 40,000 చూపించిన కుటుంబం మూడు వారాల్లో 75,000 చూపిస్తే ‘ఇదెక్కడిది?’ అని ఎవరైనా అడుగుతారు. అప్పు తెచ్చి నెల రోజులు అకౌంట్లో నిలబెట్టి మళ్లీ తిరిగి ఇచ్చేద్దాం అనే ఆలోచన ఉంటే మానుకోండి.

బ్యాలెన్స్ కంటే అమ్మాయి నోటి నుంచి రావాల్సిన రెండు వాక్యాలు ముఖ్యం. ‘మా నాన్న ఫలానా పని ఇన్నేళ్లుగా చేస్తున్నారు. మొదటి సంవత్సరం ఖర్చు ఆయన పొదుపులోంచి, రెండో సంవత్సరానికి విద్యా రుణం మంజూరైంది.’ ఇలాంటివి. మీరేం పని చేస్తారో అమ్మాయిని అడిగి చూడండి. నవ్వుకోకండి, చాలామంది పిల్లలకి ‘బిజినెస్’ అనే మాట తప్ప ఇంకేం తెలియదు. ఏ బిజినెస్, అందులో మీరేం చేస్తారు, ఏటా సుమారు ఎంత వస్తుంది అంటే నీళ్లు నములుతారు. రెండో ఏడాది ఖర్చు ఎలా అన్న ప్రశ్న కూడా తప్పకుండా తయారుగా ఉండాల్సిందే. ‘అక్కడ పార్ట్‌టైమ్ చేసుకుంటాను’ అనేది దానికి జవాబు కాదు. ఎఫ్-1 మీద క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయొచ్చు, అదీ దొరికితే.

ఆస్తుల రిపోర్టు గురించి రాశారు కాబట్టి చెప్తున్నా, దాన్ని చూపించే అవకాశం వచ్చిన విద్యార్థులు నాకు తెలిసినంతలో చాలా తక్కువ. ఫైల్లో పెట్టుకోండి, ఎవరూ వద్దనరు. అడగకుండా కిటికీలోంచి తోస్తే మాత్రం చిరాకుపడతారు. ఇరవై రెండేళ్ల పిల్లకి సొంత ఇల్లు, ఉద్యోగం, పిల్లాజెల్లా ఉండరని ఆఫీసరుకీ తెలుసు.

తిరిగి వస్తావా అన్న ప్రశ్నకి కోచింగ్ సెంటర్లలో నేర్పే జవాబు ఒకటుంది. తల్లిదండ్రులంటే ప్రాణం, మా దేశానికి సేవ చేయాలి, కచ్చితంగా తిరిగొస్తాను అని. ఒక్కరోజులో పాతికమంది నోట అదే వినే మనిషికి అది చెవికెక్కదు. దానికి తోడు కొందరు ఓపీటీ (చదువయ్యాక అక్కడ పని చేసుకునే అనుమతి) మాటే ఎత్తొద్దని భయపెడతారు. చదువయ్యాక 12 నెలలు పని చేసుకునే అవకాశం, సైన్స్, టెక్నాలజీ కోర్సులకైతే ఇంకో 24 నెలలు, ఇవన్నీ నిబంధనల్లో ఉన్నవే. తెలుసా అని అడిగితే తెలుసనడంలో తప్పు లేదు. చదువు గురించి అడిగిన ప్రశ్నకి జవాబు ఓపీటీతో మొదలైతేనే తంటా. అప్పుడు చదువు సాకు, ఉద్యోగం అసలు పని అన్నట్టు వినిపిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ‘ఈ కోర్సే ఎందుకు, ఈ యూనివర్సిటీయే ఎందుకు’ అన్న దాని మీద. ‘మంచి ర్యాంకింగ్, బెస్ట్ ఫ్యాకల్టీ, డైవర్స్ కల్చర్’ అనే మూడు ముక్కలు ఏ యూనివర్సిటీకైనా అతుకుతాయి, అందుకే దేనికీ అతకవు.

మా యూనివర్సిటీకి వచ్చిన ఒక అబ్బాయి ఉన్నాడు. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో సీటు. రెండుసార్లు రిజెక్ట్. మూడోసారి ముందు నాకు ఫోన్ చేసి ఆ మూడు ముక్కలే గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఆపి, ‘అది సరే, నువ్వసలు ఈ కోర్సు పేరు మొదటిసారి ఎక్కడ విన్నావు?’ అని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మామూలు గొంతుతో చెప్పాడు. ఒక ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్లో ఏడాదిన్నర పనిచేశాడట. ఒకే పేషెంటుకి మూడు విభాగాల్లో మూడు నంబర్లు ఉండేవట. ల్యాబ్ రిపోర్టు ఒకరిది ఇంకొకరి ఫైల్లోకి వెళ్లి ఒకసారి పెద్ద గొడవైందట. ఆ రికార్డులు కలిపే పని వీడి నెత్తిన పడింది. ఆ పని కోసం వెతుకుతుంటే ఈ సబ్జెక్టు ఒకటుందని తెలిసింది. మా సిలబస్‌లో సరిగ్గా పేషెంట్ రికార్డుల మీదే రెండు పేపర్లున్నాయి, వాటి పేర్లు వాడికి నోటికొచ్చు. మరి ఇది రెండు ఇంటర్వ్యూల్లో ఎందుకు చెప్పలేదురా అంటే, ‘బిల్లింగ్ కౌంటరంటే చిన్న ఉద్యోగం, చెప్పొద్దన్నారండీ’ అన్నాడు. వాడి దగ్గరున్న ఒకే ఒక్క బలమైన విషయాన్ని తీసి పక్కన పెట్టించారు. కొత్త ఫారంలో ఆ ఉద్యోగం రాశాడు. ఏం మారిందని అడిగితే, ఇంతకుముందు రాయకుండా వదిలేసిన ఉద్యోగం ఇదీ అని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ కౌంటరు గురించే నాలుగు ప్రశ్నలు అడిగి వీసా ఇచ్చారు. అందరికీ అలాగే అవుతుందని నేను రాసివ్వలేను. కానీ మీ అమ్మాయి కథలో కూడా ఇలాంటిదేదో ఎవరో తీసిపారేసి ఉంటారని నాకు గట్టి అనుమానం. డిగ్రీ ప్రాజెక్టు కావచ్చు, మీ వ్యాపారం లెక్కలు తను చూసి పెట్టడం కావచ్చు. అది తవ్వి తీయాలి.

ఇంగ్లిష్ గురించి భయపడొద్దు. గ్రామర్ తప్పులు వీసాలు పోగొట్టడం నేను పెద్దగా చూడలేదు. ప్రశ్న అర్థం కాకుండానే బట్టీ జవాబు మొదలుపెట్టడం మాత్రం పోగొడుతుంది. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగొచ్చని అమ్మాయికి చెప్పండి. ప్రాక్టీసు మీతో వద్దు. మీరు మధ్యలో సరిదిద్దుతారు, తను మీ మొహం చూసి మాట్లాడుతుంది. కోర్సు గురించి ఏమీ తెలియని పరిచయస్తులు ఎవరైనా నిలబెట్టి అడిగితే మేలు. వాళ్లకి అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు.

ఇప్పుడు తేదీలు, ఫీజులు. వీటిని తేలిగ్గా తీసుకోవద్దు. ఐ-20 మీద ప్రోగ్రాం మొదలయ్యే తేదీ ఉంటుంది. దానికి నెలన్నర కంటే తక్కువ ఉంటే నా సలహా, పరిగెత్తకుండా తర్వాతి సెమిస్టర్‌కి వాయిదా అడగండి. యూనివర్సిటీకి మెయిల్ రాస్తే అడ్మిషన్ డిఫర్ చేసి కొత్త తేదీలతో ఐ-20 ఇస్తారు. చాలా యూనివర్సిటీలు దీనికి ఒప్పుకుంటాయి, కొన్ని డిపాజిట్ అడుగుతాయి. ఐ-20 మీద ఎన్‌తో మొదలయ్యే సెవిస్ నంబరు (విదేశీ విద్యార్థుల కోసం అమెరికా ప్రభుత్వం పెట్టే రికార్డు నంబరు) మారకపోతే 350 డాలర్ల సెవిస్ ఫీజు మళ్లీ కట్టనక్కర్లేదు. మొదటిసారి నిరాకరించిన రోజు నుంచి 12 నెలల్లోపు అదే వీసా కోసం మళ్లీ అడిగితే పాత చెల్లింపే పనికొస్తుంది. వేరే యూనివర్సిటీకి మారితే కొత్త ఐ-20 మీద కొత్త నంబరు వస్తుంది. అప్పుడు పాత ఫీజును ఆ నంబరుకి బదిలీ చేయించుకోవాలి, ఇది మరిచిపోయి కిటికీ దగ్గర ఇబ్బందిపడ్డవాళ్లున్నారు. వీసా ఫీజు 185 డాలర్లు మాత్రం ప్రతిసారీ కొత్తగా కట్టాల్సిందే, వెనక్కి రాదు. డీఎస్-160 కూడా ప్రతిసారీ కొత్తదే. దాని నంబరు, అపాయింట్‌మెంట్‌లో ఇచ్చిన నంబరు ఒకటే ఉండాలి.

ప్రోగ్రాం తేదీకి 365 రోజుల ముందు నుంచే వీసా ఇవ్వొచ్చు, కాబట్టి వాయిదా వేసుకున్నంత మాత్రాన ఇంటర్వ్యూ ఆగాల్సిన పని లేదు. అమెరికాలో అడుగుపెట్టడం మాత్రం ఆ తేదీకి ముందు 30 రోజుల్లోపే. వేరే దేశం వెళ్లి అక్కడి కాన్సులేట్‌లో ప్రయత్నిద్దాం అని ఎవరైనా చెప్తే వినకండి. 2025 సెప్టెంబరు నుంచి సొంత దేశంలోగానీ నివాసముంటున్న దేశంలోగానీ అప్లై చేయాలన్నది వాళ్ల విధానం.

తీసుకెళ్లే కాగితాలకి పెద్ద జాబితా లేదు. పాస్‌పోర్టు, డీఎస్-160 కన్ఫర్మేషన్ పేజీ, అపాయింట్‌మెంట్ కాగితం, అమ్మాయి సంతకం చేసిన ఐ-20, సెవిస్ ఫీజు రసీదు, ఆర్నెల్లలోపు తీసిన రెండంగుళాల చదరపు ఫోటో. మార్కుల పత్రాలు, డబ్బుకి సంబంధించినవి అడిగితే తీయడానికి వీలుగా కింద. డిఫర్ చేయించుకుంటే పాత ఐ-20 ఇంట్లో పెట్టేసి కొత్తది తీసుకెళ్లాలి.

మూడుసార్లు రిజెక్ట్ అయితే ఇక ఎప్పటికీ రాదంటారు, నిజమేనా అని చివర్లో అడిగారు. అలాంటి రూలేమీ లేదు. ఐదోసారి వచ్చినవాళ్లకి నేనే క్యాంపస్ ఓరియెంటేషన్‌లో ఐడీ కార్డు ఇచ్చాను. అయితే ఫారంలోగానీ, చెప్పే విషయంలోగానీ ఏ మార్పూ లేకుండా వెళ్లే మూడో ప్రయత్నానికి 185 డాలర్లు దండగ. మీ చోట నేనుంటే ఈ వారం స్లాట్ బుక్ చేయను. ప్రోగ్రాం తేదీకి నెలన్నర కంటే తక్కువ ఉంటే యూనివర్సిటీకి డిఫర్ మెయిల్ పంపమంటాను, అదీ అమ్మాయి తన మెయిల్ నుంచి తనే రాయాలి. తర్వాత కన్సల్టెంటు దగ్గరున్న పాత డీఎస్-160 కాపీలు రెండూ అడిగి తెచ్చుకుని, ఐ-20 పక్కన పెట్టి, అమ్మాయి రాసిన ప్రశ్నలూ జవాబుల కాగితంతో లైను లైను సరిచూస్తాను. కాపీ ఇవ్వడానికి వాళ్లు నసిగితే, ఆ ఫారంలో ఏముందో ముందు తెలుసుకోవాల్సిన అవసరం మీకు ఇంకా ఎక్కువుంది. ఆ మూడు కాగితాల్లో పొసగనిది ఏదైనా కనిపిస్తే అమ్మాయి పేరు, పాస్‌పోర్టు నంబరు తీసేసి ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.